వెబ్‌సైటు మాయమయ్యేలోగా: జాలస్థలిని మొత్తంగా దించుకుని దాచే సాఫ్ట్‌వేర్లు ఎలా పనిచేస్తాయి?

కొంతకాలం క్రితం ఒక ఆదివారం ఉదయం మా వార్తా విభాగానికి ఒక శ్రోత ఫోన్ చేశారు. ఆమె తండ్రి తెలుగు అధ్యాపకులుగా పదవీ విరమణ చేసి, 2003లో సొంతంగా ఒక వెబ్‌సైటు ఏర్పాటు చేసుకున్నారు. తమ ప్రాంతంలోని చెరువుల చరిత్ర, ఊర్ల పేర్ల వెనుక కథలు, పాత శాసనాల ఛాయాచిత్రాలు పదేళ్లపాటు అందులో చేర్చుతూ వచ్చారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ సైటుకు సర్వర్‌లో చోటు ఇచ్చిన సంస్థ, నెలాఖరుతో తన సేవను నిలిపివేస్తున్నట్టు ఆమెకు ఈమెయిల్ పంపింది. రాతప్రతులు ఇంట్లో లేవు. నాన్నగారి కంప్యూటరును ఎప్పుడో పాత సామాన్లవాడికి వేసేశారు. "సార్, పేజీ పేజీ ప్రింటు తీసుకుందామంటే నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. మొత్తం ఒకేసారి దించుకునే మార్గం ఏదైనా ఉందా?" అని ఆమె అడిగారు.

మార్గం ఉంది. అది కొత్తదేమీ కాదు, పాతికేళ్లకు పైబడినదే. ఒక వెబ్‌సైటును దానిలోని పేజీలు, బొమ్మలు, లింకులతో సహా మన కంప్యూటరులోకి తెచ్చి, ఇంటర్నెట్ లేకపోయినా తెరిచి చదువుకునేలా అమర్చే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే లభిస్తున్నాయి. వీటి గురించి సాంకేతిక నిపుణులకు తెలిసినంతగా, అవసరం ఉన్న సామాన్యులకు తెలియదు. ఆ శ్రోతకు ఫోన్‌లో పది నిమిషాల్లో చెప్పలేకపోయిన సంగతులను కొంత వివరంగా ఇక్కడ చెప్పుకుందాం.

ఎంత పోతోంది?

ఇంటర్నెట్‌లో ఒకసారి పెట్టినది ఎప్పటికీ పోదన్న మాట తరచుగా వినిపిస్తుంది. పరువు పోయే విషయాల్లో అది నిజం కావచ్చు గాని, పరిశ్రమించి రాసిన విషయాల్లో కాదు. అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన కేంద్రం 2024 మే నెలలో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి అందుబాటులో లేకుండా పోయాయి. ప్రభుత్వ వెబ్ పేజీల్లో 21 శాతం, వార్తా పేజీల్లో 23 శాతం కనీసం ఒక తెగిన లింకునైనా మోస్తున్నాయని అదే అధ్యయనం తేల్చింది. అంతకు పదేళ్ల ముందే హార్వర్డ్ న్యాయ నిపుణులు మరో విషయం బయటపెట్టారు. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లో ఆధారాలుగా చూపిన వెబ్ చిరునామాల్లో సుమారు సగం, ఆ తీర్పు రాసిన నాడు చూపిన సమాచారాన్ని ఇప్పుడు చూపడం లేదని వారు గుర్తించారు. తీర్పు మిగిలింది, దాని ఆధారం మాయమైందన్నమాట.

పుస్తకం సంగతి వేరు. మన దేశంలో 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం ప్రతి ప్రచురణకర్త తన పుస్తకం ప్రతిని కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నైలోని కన్నెమరా సహా మరి మూడు గ్రంథాలయాలకు తన ఖర్చుతో పంపాలి. 1956 సవరణతో వార్తాపత్రికలు కూడా ఆ చట్టం పరిధిలోకి వచ్చాయి. ముద్రణాలయం మూతపడినా, రచయిత కాలం చేసినా ఒక ప్రతి ఎక్కడో ఒక బీరువాలో ఉంటుందన్న భరోసా ఈ ఏర్పాటు వల్లనే కలిగింది. వెబ్‌సైటుకు అటువంటి బీరువా లేదు. అది ఒకే ఒక సర్వర్‌లో, అద్దె చెల్లించినంత కాలం మాత్రమే ఉంటుంది. అద్దె ఆగితే ఖాళీ చేయిస్తారు. ఆ చిరునామాను మరొకరు కొనుక్కుంటే, నిన్నటిదాకా పద్యాలు ఉన్న చోట నేడు జూదం ప్రకటనలు దర్శనమిస్తాయి. ఇది ఊహ కాదు, పాత తెలుగు సైట్ల చిరునామాలు తిరగేసిన వారికి అనుభవంలో ఉన్నదే.

డయలప్ రోజుల నుంచి

మొదట ఈ సాఫ్ట్‌వేర్లు పుట్టినది భద్రపరచడం కోసం కాదు, పొదుపు కోసం. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది. టెలిఫోను తీగ మీద మోడెమ్ కీచుమంటూ కలిసేది. గంటల లెక్కన కొనుక్కున్న ఖాతా ఒకవైపు, టెలిఫోను బిల్లు మరొకవైపు తిరుగుతూ ఉండేవి. 56 కిలోబిట్ల మోడెమ్ మీద అన్నీ సవ్యంగా సాగినా ఒక మెగాబైటు దిగడానికి దాదాపు రెండున్నర నిమిషాలు పట్టేది. అలాంటి రోజుల్లో తెర ముందు కూర్చుని తీరిగ్గా చదవడమంటే మీటరు తిరుగుతున్న ఆటోలో కూర్చుని పత్రిక చదవడమే. అందుకే గబగబా దించుకుని, లైను కట్ చేసి, ఆ తరువాత చదువుకునే పద్ధతి వచ్చింది. ఆ రోజుల్లో ఈ వ్యాసకర్త కూడా ఎన్నికల ఫలితాల పేజీలను ఫ్లాపీల్లోకి ఎక్కించి, వాటి మీద తేదీ రాసి, బల్ల సొరుగులో దాచినవాడే. ఆ ఫ్లాపీలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చదివే యంత్రమే లేదు.

1996లో క్రొయేషియాకు చెందిన ర్వోయే నిక్షిచ్ రూపొందించిన వీగెట్ ఈ కోవలో మొదటి తరానిది. దీనికి కిటికీలు, బొత్తాలు ఉండవు. నల్లని తెర మీద ఆదేశం టైపు చేయాలి. అయినా నేటికీ లైనక్స్ వాడేవారికి ఇది నిత్యావసర వస్తువు. 1998లో ఫ్రాన్స్‌కు చెందిన గ్జావియే రోష్ హెచ్‌టీట్రాక్‌ను విడుదల చేశారు. మామూలు మనిషి వాడుకోదగిన రూపం దీనికి ఉంది. ఉచితం, మూలకోడ్ కూడా అందరికీ తెరిచి ఉంటుంది. విండోస్ కంప్యూటర్లలో దీనిని విన్‌హెచ్‌టీట్రాక్ అంటారు. మాక్ కంప్యూటర్లవారు సైట్‌సక్కర్‌ను, విండోస్‌లోనే మరికొందరు సయోటెక్ వెబ్‌కాపీని వాడతారు. డబ్బు పెట్టి కొనుక్కునేవాటిలో ఆఫ్‌లైన్ ఎక్స్‌ప్లోరర్ పేరు వినిపిస్తుంది.

లోపల జరిగేది ఏమిటి?

ఈ సాఫ్ట్‌వేర్ల పనితీరు ఒక పాత పద్ధతిని గుర్తుకు తెస్తుంది. కొత్త ఊరికి వెళ్లిన జనాభా లెక్కల గుమాస్తా మొదటి ఇంటి తలుపు తడతాడు. ఆ ఇంటివారి వివరాలు రాసుకుంటూ పక్కన ఎవరెవరి ఇళ్లు ఉన్నాయో అడుగుతాడు. వాటిని జాబితాలో చేర్చి, ఒక్కొక్కటిగా వెళతాడు. వెళ్లిన ఇంటికి గుర్తు పెడతాడు, మళ్లీ వెళ్లడు. హెచ్‌టీట్రాక్ కూడా మనం ఇచ్చిన మొదటి పేజీని దించుకుని, అందులోని లింకులన్నీ ఏరి, ఒక వరుసలో నిలబెడుతుంది. తరువాత ఆ పేజీలు, వాటిలోని లింకులు. జాబితా ఖాళీ అయ్యేవరకు ఈ నడక ఆగదు.

ఇక్కడే హద్దులు నిర్ణయించవలసి వస్తుంది. ఊరి పొలిమేర చెప్పకపోతే గుమాస్తా పక్క ఊరికి, అక్కడి నుంచి జిల్లా అంతటికీ పోతాడు. వెబ్‌లో ప్రతి సైటు మరొక సైటుకు లింకు ఇస్తుంది కనుక, హద్దు లేకపోతే ప్రపంచమంతా దిగడం మొదలవుతుంది. అందువల్ల ఈ సాఫ్ట్‌వేర్లు సాధారణంగా ఇచ్చిన చిరునామా పరిధిలోనే ఉంటాయి. ఎన్ని మెట్ల లోతు వరకు వెళ్లాలి, ఏ రకం ఫైళ్లు తేవాలి, ఏవి వదలాలి అన్నది మనం ముందుగా చెప్పవచ్చు. ఈ హద్దు వల్ల ఒక చిక్కు కూడా ఉంది. చాలా సైట్లు తమ బొమ్మలను వేరే చిరునామాలో దాచుకుంటాయి. హద్దు కచ్చితంగా పెడితే అక్షరాలు వస్తాయి, బొమ్మల స్థానంలో ఖాళీ గళ్లు మిగులుతాయి. బొమ్మలున్న ఆ రెండో చిరునామాను కూడా అనుమతించాలి.

దించడం సగం పనే. మిగతా సగం లింకులను తిరగరాయడం. సర్వర్ మీద ఉన్నప్పుడు ప్రతి లింకు ఇంటర్నెట్ చిరునామాను చూపుతుంది. దాన్ని అలాగే ఉంచితే, మన కంప్యూటరులోని పేజీలో లింకు నొక్కగానే అది మళ్లీ ఇంటర్నెట్‌కే పరుగెత్తుతుంది. అందుకని సాఫ్ట్‌వేర్ ప్రతి పేజీని తెరిచి, లింకులను మన ఫోల్డర్‌లోని ఫైళ్ల వైపు మళ్లిస్తుంది. ఫలితంగా ఏర్పడేది సైటుకు అద్దంలో ప్రతిబింబం వంటిది. సాంకేతిక పరిభాషలో దీన్ని మిర్రర్ అనడం అందుకే.

హెచ్‌టీట్రాక్‌లో ఇదంతా చేయడానికి మనం ఇవ్వవలసినవి మూడు: ప్రాజెక్టుకు ఒక పేరు, దాచవలసిన ఫోల్డర్, సైటు చిరునామా. తరువాత పని దానిదే. మధ్యలో కరెంటు పోయినా, నెట్ తెగినా భయం లేదు. ఆగిన చోటి నుంచి కొనసాగించమని చెప్పవచ్చు. నెల తరువాత వచ్చి, మారిన పేజీలను మాత్రమే తాజా చేయమని కూడా అడగవచ్చు. ఏవి దిగాయి, ఏవి దిగలేదు అన్నది ఒక లాగ్ ఫైలులో రాసి పెడుతుంది. చాలామంది ఆ లాగ్‌ను తెరవరు. కాని అసలు చూడవలసినది అదే.

ఏవి రావు?

పాతకాలపు సైటులో ప్రతి పేజీ ఒక ఫైలు. ఫైలు ఉంటే ప్రతి తీయవచ్చు. నేటి సైట్లలో చాలావాటికి పేజీలే ఉండవు. మనం అడిగినప్పుడు సర్వర్ తన డేటాబేస్ నుంచి సమాచారం తీసి, అప్పటికప్పుడు పేజీ అల్లి పంపుతుంది. అడగవలసిన విధంగా అడగకపోతే ఆ పేజీ పుట్టనే పుట్టదు. అందువల్ల వెతుకు పెట్టె, లాగిన్ వెనుక ఉన్న భాగాలు, బొత్తాం నొక్కితే గాని రాని జాబితాలు హెచ్‌టీట్రాక్‌కు చిక్కవు. కిందికి జరుపుతున్నకొద్దీ కొత్త సరుకు తెచ్చే పేజీలు, బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ నడిచాక గాని ఆకారం దాల్చని పేజీలు కూడా అంతే. రైల్వే వేళల సైటును దించుకుంటే మీకు దక్కేది స్టేషన్ బోర్డు, రైలు కాదు.

దీనికి విరుద్ధమైన చిక్కు కూడా ఉంది. కొన్ని సైట్లలో క్యాలెండరు ఉంటుంది. దానిలో వచ్చే నెలకు లింకు, ఆ పై నెలకు మరో లింకు. గుమాస్తా అలా నడుస్తూ నడుస్తూ 2090 దాటిపోతాడు, ఖాళీ పేజీలు గుట్టలుగా పోస్తాడు. రాత్రి పెట్టి పడుకుని ఉదయం చూస్తే డిస్కు నిండిపోయి ఉంటుంది.

ఈ లోటు తీర్చడానికి గత పదేళ్లలో మరో తరహా పరికరాలు వచ్చాయి. వెబ్‌రికార్డర్ బృందం రూపొందించిన బ్రౌజర్‌ట్రిక్స్ అచ్చం మనిషిలాగే నిజమైన బ్రౌజర్‌లో సైటును తెరిచి, సర్వర్ నుంచి వచ్చిన ప్రతి సమాధానాన్నీ యథాతథంగా రికార్డు చేస్తుంది. అదే బృందం వారి ఆర్కైవ్‌వెబ్.పేజ్ అనే అనుబంధాన్ని క్రోమ్ బ్రౌజర్‌కు తగిలించుకుంటే, మనం తిరిగిన పేజీలన్నీ ఒకే ఫైలుగా నమోదవుతాయి. ఇది టేప్‌రికార్డరుకు దగ్గరి పోలిక. విన్నది రికార్డవుతుంది, విననిది కాదు. ఒకే ఒక్క పేజీ కావాలంటే ఇంత శ్రమ అక్కర్లేదు. సింగిల్‌ఫైల్ అనే అనుబంధం ఆ పేజీని బొమ్మలతో సహా ఒకే ఫైలుగా మూట కడుతుంది.

గ్రంథాలయాలు వాడేది వార్క్ అనే ఫైలు రూపం. 2009లో దీనికి అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు లభించింది. హెచ్‌టీట్రాక్ పేజీని మన వాడకానికి అనువుగా మార్చి ఇస్తుంది. వార్క్ మాత్రం ఏ తేదీన, ఏ చిరునామా నుంచి, సర్వర్ ఏమని జవాబిచ్చిందో కూడా మార్పు లేకుండా దాస్తుంది. ఇంట్లో చదువుకోవడానికి మొదటిది చాలు. రేపు ఎవరైనా ఇది నిజంగా ఆ సైటులోనే ఉన్నదా అని అడిగితే రెండోది పనికివస్తుంది. వీగెట్ 2012 నుంచి రెండు పనులూ చేయగలుగుతోంది.

తెలుగు పేజీల ప్రత్యేక గండం

తెలుగు సైట్లను భద్రపరచేవారికి ఆంగ్లం వారికి లేని కష్టం ఒకటి ఉంది. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, సామాన్యుల కంప్యూటర్లలో అది సరిగా కనబడడానికి మరో పదేళ్లకు పైగా పట్టింది. ఆ మధ్యకాలంలో తెలుగు పత్రికలు, సైట్లు ఎవరి ఫాంటు వారు తయారు చేసుకున్నాయి. ఆంగ్ల అక్షరాలకు, విరామ చిహ్నాలకు కేటాయించిన గళ్లలో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చి పెట్టేవారు. తలకట్టు ఒక గడిలో, వత్తు మరో గడిలో ఉండేవి. ఆ ఫాంటు ఉన్నంతసేపు తెలుగు, లేకపోతే అర్థం కాని గుర్తుల వాన.

పాఠకుడు ఫాంటు వేసుకోనక్కరలేకుండా పేజీతో పాటే దాన్ని పంపే డైనమిక్ ఫాంట్ల పద్ధతి కూడా అప్పుడే వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఒక రకం, నెట్‌స్కేప్‌కు మరొక రకం. ఎక్స్‌ప్లోరర్ కోసం చేసిన ఈఓటీ ఫైళ్లలో ఒక తాళం ఉండేది. ఫలానా సైటు పేజీల్లో మాత్రమే ఈ ఫాంటు పనిచేయాలన్న నిబంధనను ఫైలులోనే రాసి పెట్టేవారు, ఫాంటు దొంగతనం జరగకుండా. ఇప్పుడు ఆ సైటును మన కంప్యూటరులోకి దించుకున్నామనుకోండి. పేజీ వచ్చింది, ఫాంటు ఫైలు కూడా వచ్చింది. అయినా పేజీ ఇప్పుడు ఆ సైటు చిరునామాలో లేదు కనుక తాళం తెరుచుకోదు. నేటి బ్రౌజర్లకైతే ఆ ఫాంటు రూపమే తెలియదు. వాక్యం మొత్తం భద్రంగా ఉంటుంది, చదవడానికి మాత్రం ఉండదు.

ఈ ముడిని విప్పడానికి పూనుకున్నవారిలో వెన్న నాగార్జున గారి పేరు ముందుగా చెప్పుకోవాలి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసింది ఆయనే. పాత ఫాంట్లలో ఉన్న పేజీలను యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ అనుబంధాన్ని కూడా ఆయనే రూపొందించారు. ఏ ఫాంటులో ఏ గడిలో ఏ అక్షరం ముక్క ఉందో తెలిపే పట్టిక ఉంటేనే ఇటువంటి మార్పిడి సాధ్యం. అందుకే పాత తెలుగు సైటును దించుకునేవారు ఫాంటు ఫైలును, వీలైతే ఫాంటు పేరును కూడా దాని పక్కనే దాచడం అత్యవసరం. 1998లో మొదలైన 'ఈమాట' వంటి పత్రికలు తమ పాత సంచికలను స్వయంగా యూనికోడ్‌లోకి తెచ్చుకోవడం వల్ల అవి ఇవాళ ఫోన్‌లో కూడా చదవగలుగుతున్నాం. ఆ శ్రమకు పూనుకోనివాటి సంగతి చెప్పనక్కర లేదు.

ఊర్లకు ఊర్లే కాపాడిన సందర్భాలు

ఒక్క సైటు కాదు, లక్షల సైట్లు ఒకేసారి పోయిన ఘట్టం 2009లో జరిగింది. 1994లో మొదలైన జియోసిటీస్ ప్రజలకు ఉచితంగా వెబ్ పేజీలు ఇచ్చేది. 1999లో దాన్ని యాహూ కొనుగోలు చేసింది. 2009 అక్టోబరు 26న మూసివేసింది. మూసివేత ప్రకటన వెలువడగానే జేసన్ స్కాట్ నాయకత్వంలోని ఆర్కైవ్ టీమ్ స్వచ్ఛంద కార్యకర్తలు వీగెట్ వంటి పరికరాలతో రాత్రింబవళ్లు దించడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది వారు పంచిన ప్రతి సుమారు 640 గిగాబైట్లు. అందులో చాలాభాగం పెంపుడు పిల్లుల ఫోటోలు, మెరిసే నక్షత్రాలు అని కొందరు నవ్వారు. మొదటిసారి ప్రచురించుకునే అవకాశం వచ్చిన సామాన్యుడు ఏం రాశాడో తెలుసుకోవాలనుకునే చరిత్రకారుడికి అంతకన్నా పెన్నిధి లేదు.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైన కొద్ది రోజులకే, గ్రంథాలయ నిపుణులు, ప్రోగ్రామర్లు కలిసి సూచో అనే ఉద్యమం ప్రారంభించారు. మ్యూజియంలు, గ్రంథాలయాలు, పురాభిలేఖాలయాల సైట్లు నడిచే సర్వర్లు ఆ దేశంలోనే ఉన్నాయి. భవనం కూలితే సైటు కూడా పోతుంది. వెయ్యి మందికి పైగా స్వచ్ఛంద సేవకులు బ్రౌజర్‌ట్రిక్స్ తదితర పరికరాలతో 5,000కు పైగా సైట్లను దించి ఇతర దేశాల్లో దాచారు. ఖార్కివ్ రాష్ట్ర పురాభిలేఖాలయం సైటును వారు దించుకున్న కొద్దిసేపటికే అసలు సైటు ఆగిపోయింది.

మనకు దగ్గరి ఉదాహరణ భారత డిజిటల్ లైబ్రరీ. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారి పది లక్షల పుస్తకాల సంకల్పంలో భాగంగా, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కేంద్రంగా, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థల తోడ్పాటుతో లక్షల పుస్తకాలు స్కాన్ అయ్యాయి. వాటిలో తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఉన్నాయి. కాలక్రమంలో ఆ సైటు అందుబాటులో లేకుండా పోయింది. కాని అంతకు ముందే కార్ల్ మాలమూడ్ చొరవతో నాలుగు లక్షలకు పైగా పుస్తకాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. ఇవాళ పరిశోధక విద్యార్థి పాత తెలుగు వ్యాకరణాన్నో, 1920ల నాటి నవలనో ఫోన్‌లో తెరుస్తున్నాడంటే చాలా సందర్భాల్లో అది ఈ రెండో ప్రతే.

బ్రూస్టర్ కాలే 1996లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థాపించిన ఆ ఇంటర్నెట్ ఆర్కైవ్, వేబ్యాక్ మెషీన్ పేరుతో 2001 నుంచి పాత వెబ్ పేజీలను ప్రజలకు చూపుతోంది. 2025 అక్టోబరులో అది లక్ష కోట్ల పేజీల మైలురాయిని దాటింది. అలాగని అంతా దాని మీదే వదిలేయడం క్షేమం కాదు. 2024 అక్టోబరులో సైబర్ దాడి కారణంగా ఆ సంస్థ సేవలు కొన్ని రోజులపాటు నిలిచిపోయాయి. పైగా అది ప్రతి సైటులో ప్రతి పేజీనీ దాచదు. ముఖ్యమైన పేజీలు ఉండి, లోపలి ఉపపేజీలు, పెద్ద బొమ్మలు లేకపోవడం మామూలే.

చట్టం, మర్యాద

ప్రతి తీయగలగడం వేరు, తీసే హక్కు వేరు. వెబ్‌సైటులోని రచన, బొమ్మ, సంగీతం 1957 నాటి కాపీరైట్ చట్టం పరిధిలోనివే. సొంత చదువు కోసం ఒక ప్రతి ఉంచుకోవడాన్ని చట్టం న్యాయమైన వాడకంగా చూస్తుంది. ఆ ప్రతిని మరో పేరుతో మళ్లీ ఇంటర్నెట్‌లో పెట్టడాన్ని చూడదు. 2012 సవరణ లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయాలకు డిజిటల్ ప్రతి దాచుకునే వెసులుబాటు ఇచ్చింది గాని, అది తమ వద్ద ముద్రిత ప్రతి ఉన్న రచనలకే వర్తిస్తుంది. మొదటి నుంచి తెర మీదే పుట్టిన రచనకు ఆ నీడ లేదు. సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా కంప్యూటరు నుంచి డేటా దించుకోవడాన్ని తప్పుగా పరిగణిస్తుంది. అందరికీ తెరిచి ఉన్న పేజీకి, తాళం వేసిన గదికి తేడా ఉంది. లాగిన్, చందా, పాస్‌వర్డ్ దాటి వెళ్లి మూటగట్టడం ఆ తేడాను చెరిపేస్తుంది. అమెరికా సైనిక రహస్య పత్రాల కేసులో చెల్సీ మానింగ్ మీద మోపిన అభియోగాల్లో, అనుమతి లేని వీగెట్‌ను సైనిక కంప్యూటరులో చేర్చడం కూడా ఒకటి.

బ్రిటన్ 2013 ఏప్రిల్‌లో తన నిబంధనలు మార్చి, ఆ దేశపు వెబ్‌సైట్లను భద్రపరిచే అధికారాన్ని ఆరు గ్రంథాలయాలకు కట్టబెట్టింది. డెన్మార్క్ 2005లోనే ఆ పని చేసింది. మన 1954 చట్టం కాగితం దగ్గరే ఆగి ఉంది. ఒక దినపత్రిక ముద్రిత ప్రతి జాతీయ గ్రంథాలయానికి చేరుతుంది. అదే పత్రిక వెబ్‌లో మాత్రమే ప్రచురించిన పరిశోధన కథనం ఎక్కడికీ చేరదు. వార్తా వృత్తిలో మూడు దశాబ్దాలు గడిపిన వ్యక్తిగా ఈ అంతరం ఈ వ్యాసకర్తను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెడుతోంది.

చట్టంతో పాటు మర్యాద కూడా ఉంది. ప్రతి సైటు తన వాకిట్లో రోబోట్స్ అనే చిన్న ఫైలు పెట్టుకోవచ్చు. యంత్రాలు ఎక్కడికి రావచ్చో, ఎక్కడికి రాకూడదో అందులో ఉంటుంది. 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ పద్ధతి 2022లో గాని అధికారిక ఇంటర్నెట్ ప్రమాణం కాలేదు. హెచ్‌టీట్రాక్, వీగెట్ రెండూ మామూలుగా ఆ సూచనను పాటిస్తాయి. వేగం సంగతి కూడా మరవరాదు. చిన్న సర్వర్ మీద ఒకేసారి ఇరవై తలుపులు తడితే అది కూలబడుతుంది, మిగతా పాఠకులకు సైటు తెరుచుకోదు. రెండు పేజీల నడుమ ఒకటి రెండు సెకన్ల విరామం ఇవ్వమని సాఫ్ట్‌వేర్‌కు చెబితే సరిపోతుంది. ఇప్పుడు కృత్రిమ మేధ సంస్థల యంత్రాలు సైట్ల మీద విరుచుకుపడుతున్నందున చాలామంది నిర్వాహకులు ఏ యంత్రం కనిపించినా తలుపు మూసేస్తున్నారు. ఇంట్లో కూర్చుని నాన్నగారి వ్యాసాలు దించుకునే మనిషికి కూడా ఆ దెబ్బ తగులుతోంది. వీలున్న చోట నిర్వాహకుడికి ఒక ఉత్తరం రాసి అడగడమే ఉత్తమం. కొందరు మొత్తం ఫైళ్లను మూటగట్టి పంపిన సందర్భాలు కూడా లేకపోలేదు.

ఇంటర్నెట్ అరకొరగా ఉండే చోట్లకు పనికివచ్చే మరో ఏర్పాటును ఒక మాటలో చెప్పుకోవాలి. 2007లో మొదలైన కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వికీపీడియాను ఒకే పెద్ద ఫైలుగా అందిస్తుంది. తెలుగు వికీపీడియా ఫైలు కూడా లభిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంటే నెట్ లేని పాఠశాలలో సైతం పిల్లలు చదువుకోవచ్చు. ఇక్కడ కాపీరైట్ బెంగ లేదు. ఆ సమాచారం పంచుకోవడానికే ఉద్దేశించినది.

ఆ శ్రోత సంగతి

ఆమె ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకు సాయంతో మొదట వేబ్యాక్ మెషీన్‌లో చూశారు. ముందు పేజీ, మరో ముప్పై పేజీలు ఉన్నాయి. శాసనాల ఛాయాచిత్రాలు ఒక్కటి కూడా లేవు. ఆ రాత్రే హెచ్‌టీట్రాక్ పెట్టారు. ఉదయానికి పేజీలన్నీ దిగాయి గాని బొమ్మల గళ్లు ఖాళీగా ఉన్నాయి. అవి వేరే చిరునామాలో ఉన్నాయని లాగ్ ఫైలు చూశాక తెలిసింది. దాన్ని కూడా చేర్చి రెండోసారి నడిపారు. బొమ్మలు వచ్చాయి. అప్పుడు తెలుగు బయటపడింది. వ్యాసాలన్నీ గుర్తుల వాన.

మూడో రోజు కుర్రవాడు ఫోల్డర్‌ను తడుముతుండగా మూలన ఒక చిన్న జిప్ ఫైలు కనిపించింది. తెలుగు కనబడకపోతే ఈ ఫాంటు దించుకోండి అని తాతగారు ముందు పేజీలో 2003లో పెట్టిన లింకు అది. హెచ్‌టీట్రాక్ దాన్ని కూడా అడగకుండానే తెచ్చిపెట్టింది. వేసుకోగానే అక్షరాలు నిలబడ్డాయి. ఫోన్‌లో మాత్రం ఇంకా కనబడవు. యూనికోడ్‌లోకి మార్చే పని సాగుతోంది. వత్తుల దగ్గర తప్పులు వస్తున్నాయని, చేత్తో దిద్దుతున్నామని ఆమె చెప్పారు. ప్రతులు రెండు హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి. ఒకటి ఆమె వద్ద, మరొకటి వేరే ఊర్లో తమ్ముడి వద్ద. నెట్ తీసేసి, ఇద్దరూ ఎవరి ప్రతిని వారు తెరిచి చూసుకున్నారట.

రానిది ఒక్కటే, సందర్శకుల పుస్తకం. అది బొత్తాం నొక్కితే గాని తెరుచుకోని పేజీ. సైటు ఆగిపోవడానికి రెండు రోజుల ముందు ఆమె స్వయంగా కూర్చుని, ఒక్కొక్క పేజీ నొక్కుతూ 61 స్క్రీన్‌షాట్లు తీసుకున్నారు. వాటిలో ఒకదానిలో, ఊరి చెరువుకు ఆ పేరు ఎలా వచ్చిందని 2009లో ఒక పదో తరగతి విద్యార్థి అడిగిన ప్రశ్న, దాని కింద తండ్రి రాసిన పన్నెండు పంక్తుల జవాబు ఉన్నాయి. ఆ సంగతి ఆయన వ్యాసాల్లో ఎక్కడా లేదట.